తెర మీద కప్పిన టువాలు

ఆదోని
20 నవంబర్ 2024

దాదాపీర్ మామూకు ఇర్ఫానా సలాం.

ముందు ఒక సంగతి తేల్చు. కాశప్ప జీపులో నువ్వు పంపిన బిస్కెట్ డబ్బాకు టేపు మీద టేపు ఉంది. మొదటి టేపు కోసి, దాని మీద ఇంకొకటి అంటించారు. నువ్వే రెండుసార్లు అంటించావా, దారిలో ఎవరన్నా తెరిచారా? లోపల ఉన్నది పెద్దకడుబూరు వహీదా బీ కూతురి పెళ్ళి, అందులోనూ ఆడవాళ్ళ వైపు తీసిన డిస్క్. కాశప్ప మంచివాడే. కానీ ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి ఆ జీపులో పద్నాలుగు మంది ఎక్కుతారు. పద్నాలుగు మందీ మంచివాళ్ళని నేను రాసివ్వలేను.

పని అయిపోయింది. ఆడవాళ్ళ సినిమా పూర్తిగా తయారుచేసి అదే డిస్క్‌లో పెట్టాను. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి వహీదా బీ చేతికే ఇవ్వు. మగవాళ్ళ సినిమా సంగతి వేరు. నువ్వు తీసిన అసలు వీడియోలు నీ దగ్గరే ఉన్నాయి, నేను వాటి చిన్న కాపీల మీద కత్తిరించాను. అందుకే ఇప్పుడు పంపుతున్నది ప్రాజెక్ట్ ఫైల్ మాత్రమే. అందులో బొమ్మలుండవు. ఏ ముక్క ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ ఆగాలో మాత్రం ఉంటుంది. నువ్వు తెరవగానే తెరంతా ఎర్రగా మారి "మీడియా ఆఫ్‌లైన్" అని వస్తుంది. పోయినసారి లాగా గుండె పట్టుకుని కూర్చోవద్దు. వీడియోలు పోలేదు, అవి యాడున్నాయో దానికి తెలియదు, అంతే. నీ డిస్క్‌లో ఫోల్డర్ చూపిస్తే పేర్లు చూసుకుని అదే కలుపుకుంటుంది. సినిమా బయటికి వచ్చాక మొదటి నుంచి చివరి దాకా ఒకసారి చూడు. ఈ ఒక్కటి మాత్రం మరవద్దు.

ఇదంతా ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్ మోగితే అమ్మీ తీసి స్పీకర్‌లో పెడుతుంది, పక్కింటివాళ్ళు కూడా వింటారు. స్క్రీన్ ఫోటో తీసి పంపుదామంటే ఆడవాళ్ళ వైపు బొమ్మ ఒక్కటి కూడా ఫోన్‌లోకి ఎక్కకూడదని మన ఒప్పందం. అందుకే ఈ కాగితాలు.

సునీతక్క ఈసారి చాలా బాగా తీసింది. పెళ్ళికూతురు అద్దంలో మొదటిసారి మొగుణ్ణి చూసినప్పుడు కెమెరా వెంట్రుకవాసి కూడా కదల్లేదు. కూలికి పోయే మనిషికి కెమెరా నేర్పించిన పుణ్యం నీదే. సినిమా చివర "ఆడవాళ్ళ వైపు తీసింది సునీత" అని పేరు వేయమని ఆమె అడిగింది. వచ్చే పెళ్ళి నుంచి వేయనా?

అమ్మీ దువా చెప్పమంది. పొద్దున్నే ఉగ్గాని బజ్జీ తిని కడుపు పాడుచేసుకోవద్దని కూడా చెప్పమంది.

నీ ఇర్ఫానా

786

ఎమ్మిగనూరు
24 నవంబర్ 2024

బిడ్డ ఇర్ఫానాకు మామూ దువా.

టేపు నేనే రెండుసార్లు వేశాను. డబ్బా మూసినాక, లోపల 786 రాసిన చీటీ పెట్టానా లేదా అని అనుమానం వచ్చి మళ్ళీ తెరిచాను. పెట్టే ఉంది. బిస్మిల్లా అని రాయాల్సిన చోట ఈ అంకె వేయకుండా మన ఇంట్లో ఏ పనీ మొదలుపెట్టలేదు, అది మా అబ్బా నేర్పిన అలవాటు. దుకాణం బోర్డు మీద ఉంది, బిల్లు పుస్తకం మీద ఉంది, కెమెరా సంచి మీద ఉంది. కంప్యూటర్‌లో కూడా డిస్కుకు ఆ పేరే, లోపల ఫోల్డర్‌కు ఆ పేరే. ఇన్నేళ్ళలో ఒక్క పెళ్ళి కూడా నా చేతిలో చెడకపోవడానికి కారణం అదే.

నువ్వు చెప్పినట్టే తెరంతా ఎర్రగా అయింది. నేను భయపడలేదు. (కొంచెం నీళ్ళు తాగాను.) నా డిస్క్‌లో ఫోల్డర్ చూపించాను, అన్నీ టకటకా కలిశాయి. నాలుగు ముక్కలు మాత్రం మొండికేశాయి. వెతుకు అని ఒకటి ఉంటుందే, అది నొక్కాను. నిమిషంలో ఆ నాలుగూ దొరికాయి, ఎరుపు పోయింది. నువ్వు ఆదోనిలో రెండేళ్ళు కంప్యూటర్ క్లాసుకు పోయి నేర్చుకున్నదాన్ని నేను ఒక్క వేలితో చేశాను. ఇది మీ అమ్మకు చదివి వినిపించు.

అప్పటికే ఆడవాళ్ళ డిస్క్ కూడా తగిలించి ఉంది, వహీదా బీకి పెన్‌డ్రైవ్ ఎక్కించాలి కదా. ఎప్పుడు ఏ బొమ్మ తెర మీదికి వస్తుందో తెలియదు. అందుకని తెర మీద టువాలు కప్పేశాను. ఆడవాళ్ళ వైపు కెమెరా పెట్టిన మొదటి రోజే పెద్దల ముందు మా అమ్మ మీద ఒట్టు వేసినవాణ్ణి, ఆ బొమ్మ ఒక్కటి కూడా నా కంట పడదని. ఆ ఒట్టును నమ్మే కౌతాళం దాకా మన ఇళ్ళవాళ్ళు నన్ను పిలుస్తున్నారు. ఎక్స్‌పోర్ట్ నొక్కి, టువాలు అంచు ఎత్తి, సినిమా ఎంత తయారైందో చూపే శాతం అంకె మాత్రం చూసుకుంటూ ఫ్యాను కింద కూర్చున్నాను. నూరు అయింది. రెండు పెన్‌డ్రైవులూ ఇచ్చేసి వచ్చాను.

సునీత పేరు సంగతి వద్దు. ఈరోజు సినిమా చివర అంటుంది, రేపు బోర్డు మీద అంటుంది. ఈ మధ్య అడక్కుండానే నా కార్డులు సర్దుతోంది. నాకు ఆ వరస ఏం నచ్చడం లేదు.

మామూ దాదాపీర్

786

ఎమ్మిగనూరు
2 డిసెంబర్ 2024

ఇర్ఫానాకు,

నా పరువు పోయింది. తొందరలో రాస్తున్నాను, అక్షరాలు సరిగా లేకపోతే నువ్వే కూడబలుక్కో.

నిన్న వహీదా బీ ఇంటికి కౌతాళం నుంచి వియ్యంకులు వచ్చారు. భోజనాలయ్యాక నడింట్లో పెద్ద టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టారు. మగవాళ్ళ సినిమానే, నా చేత్తో ఇచ్చినదే. నికా బాగా వచ్చిందన్నారు. దావత్‌లో బిర్యానీ వడ్డించే చోటు రావాలి, దాని బదులు ఆడవాళ్ళ గది వచ్చింది. పెళ్ళికూతురు తల మీద గుడ్డ లేకుండా నూనె పెట్టించుకుంటోందట. వాళ్ళ చిన్నమ్మ కొంగు నడుముకు చెక్కి ఆడుతోందట. ఇరవై మంది మగవాళ్ళు కూర్చున్నారు. పెళ్ళికూతురి అన్న హారూన్ లేచి వైరు పీకేసేలోపల అర నిమిషం అయిపోయింది.

హారూన్ పొద్దున్నే దుకాణానికి వచ్చాడు. అరవలేదు. అరిచినా బాగుండేది. "మామా, మా ఆడోళ్ళ బొమ్మ మగోళ్ళ సినిమాలోకి ఎట్ల వచ్చింది? నువ్వు ఒట్టు పెట్టుకున్న మనిషివని మా అమ్మ నమ్మింది" అన్నాడు. నేను ఖురాన్ మీద చేయి పెట్టి చెప్పాను, నేను చూడలేదని. నమ్మాడు. అయితే ఇంకెవరు అన్నాడు.

ఇంకెవరు? నేను మధ్యాహ్నం దాకా ఆలోచించాను. ఆడవాళ్ళ డిస్క్ ముట్టుకున్నది ఇద్దరే, సునీత, నువ్వు. సునీత పేరు అడిగింది, నేను వద్దన్నాను, మొహం ముడుచుకుంది. కార్డులు సర్దింది ఆమే. నా కార్డులో తన ముక్కలు కలిపింది. నాకు వేరే ఏమీ తోచడం లేదు. కెమెరా తీసేసుకున్నాను. హారూన్‌కు కూడా ఆమె పేరే చెప్పాను, ఊరంతా తెలిసింది.

అయినా నిన్ను కూడా ఒక మాట అడగాలి. నీ చెయ్యి పొరపాటున ఏమన్నా జారిందా? నిజం రాయి. ఫోన్ చెయ్యకు, మీ అమ్మ వింటుంది.

దాదాపీర్

ఆదోని
5 డిసెంబర్ 2024

మామూకు సలాం.

నా చెయ్యి జారలేదు. నీ ఉత్తరం రాగానే నా ప్రాజెక్ట్ తెరిచి మొదటి నుంచి చివరి దాకా మూడుసార్లు చూశాను. నా దగ్గర దావత్ చోట బిర్యానీయే ఉంది. మీ కాశప్ప రెండు ముక్కలు ఎక్కువ వేయించుకున్నది కూడా ఉంది. ఆడవాళ్ళ గది లేదు. అంటే నా దగ్గర నుంచి బయలుదేరేటప్పుడు సినిమా బాగానే ఉంది. చెడింది ఎమ్మిగనూరులో.

ఇప్పుడు నేను అడగాల్సింది అడుగుతాను. నువ్వు ఆడవాళ్ళ డిస్క్ తెరిచావా? ఏదో ఒక ముక్క చూద్దామని కాదు, ఎట్లా వచ్చిందో చూద్దామని అయినా తెరిచావా? తెరిచి, ఆ ముక్కల్ని లాగి మగవాళ్ళ సినిమా టైమ్‌లైన్ మీద పడేశావా? తెరిచి ఉంటే చెప్పు, నేను ఎవరితోనూ అనను. లేదంటే నీ దుకాణంలో నువ్వు నమాజుకు పోయినప్పుడు కంప్యూటర్ దగ్గర ఎవరు కూర్చుంటారు?

సునీతక్క మీద నేరం వేయడానికి నీకు ఒక్క పూట కూడా పట్టలేదు. నీ కార్డులో తన ముక్కలు కలిపిందంటున్నావు. కలిపి ఉంటే నువ్వు చేసిచ్చిన చిన్న కాపీల్లో కూడా అవి ఉండాలి కదా! లేవు. ఆ కెమెరా పోతే ఆమెకు ఏముంది? మొగుడు ఏసన్నకు నడుము పట్టేసి రెండేళ్ళయింది. దొంగ అన్న పేరు వచ్చినాక ఏ ఇంటి ఆడవాళ్ళు ఆమెను గదిలోకి రానిస్తారు?

ఆ ప్రాజెక్ట్ ఫైల్, నువ్వు చివర మార్చినది ఉన్నది ఉన్నట్టు పెన్‌డ్రైవ్‌లో వేసి పంపు. ఏమీ చెరపవద్దు. చెరిపితే ఇంక తెలుసుకోలేం.

అమ్మీకి నీ ఉత్తరం దొరికింది. నా కంప్యూటర్ మీద దుప్పటి కప్పేసి, "మీ మామ మాట నిజమో నీ మాట నిజమో తేలేదాక దీన్ని ముట్టుకోవద్దు" అంది. తిండి పెడుతోంది, మాట మాత్రం లేదు.

ఇర్ఫానా

786

ఎమ్మిగనూరు
9 డిసెంబర్ 2024

ఇర్ఫానాకు,

నీకు ఆరేళ్ళప్పుడు నా భుజం మీద కూర్చుని మొదటిసారి కెమెరాలోంచి చూశావు. ఇప్పుడు నన్ను అడుగుతున్నావు, ఆడవాళ్ళ డిస్క్ తెరిచావా అని. ఎవరితోనూ అనను అని కూడా రాశావు. అంటే నేను చేశానని నువ్వు లోపల నమ్మేశావు. సొంత అక్క కూతురు కాబట్టి ఊరుకుంటున్నాను, ఇంకొకరైతే గడప ఎక్కనిచ్చేవాణ్ణి కాదు.

ప్రాజెక్ట్ ఫైల్ పంపను. నువ్వు అక్కడ దాన్ని దిద్ది, చూడు నా తప్పు లేదు అంటే నేనేం చేయాలి? నా దగ్గరే ఉంటుంది.

మీ అమ్మ, మెహరున్నీసా ఆపా ఇది చదువుతుందని తెలుసు. ఆపా, నేను మన అమ్మ మీద వేసిన ఒట్టు తప్పలేదు. నీ కూతురికి చెప్పు.

ఆస్పరిలో ఒక పెళ్ళి చేజారింది. మాకు ఉత్త ఫోటోలు చాలు అన్నారు. ఎందుకన్నారో నాకు తెలుసు.

సునీత శనివారం వచ్చింది. దుకాణం మెట్టు కింద నిలబడింది. నేను లెక్కలు చూస్తున్నట్టు తల ఎత్తలేదు. చాలాసేపు నిలబడి, "అన్నా, ఒకతూరి ఆ డిస్క్ పెట్టి చూడు, ఎవరు చేసినారో తెలుస్తాది" అంది. "నేను చూడకూడదని నీకు తెల్సు కదా, అందుకే ఆ మాట అంటాండావు" అన్నాను. మెల్లగా వెనక్కి తిరిగి పోయింది. ఇప్పుడు కౌతాళం పక్క మిరప తోటల్లోకి కూలికి పోతోందట. తప్పు లేని మనిషి అంత నిమ్మళంగా పోతుందా? నువ్వే చెప్పు.

దాదాపీర్

ఆదోని
14 డిసెంబర్ 2024

గౌరవనీయులైన దాదాపీర్ గారికి,

మీరు ఫైల్ పంపకపోయినా ఫరవాలేదు. మీరే చూడండి. ఒట్టు తప్పకుండా చూసే పద్ధతి రాస్తున్నాను, అమ్మీని పక్కన కూర్చోబెట్టుకునే రాస్తున్నాను.

మార్చి 24న ఎక్కడెక్కడ ఏ డిస్కులు తగిలించి ఉన్నాయో, ఇప్పుడు కూడా అట్లే తగిలించండి. తప్పు, నవంబర్ 24 అని చదవండి. కోపంలో నెల కూడా తప్పు పడింది. ప్రాజెక్ట్ తెరిచే ముందు తెర పై సగం మీద టువాలు కప్పండి, బొమ్మ ఎప్పుడూ పై సగంలోనే వస్తుంది. కింద సగంలో ముక్కల వరస ఉంటుంది. అక్కడ బొమ్మలు కనిపించకుండా ముందే పేర్లు మాత్రం వచ్చేట్టు పెట్టాను. దావత్ దగ్గర ముక్క మీద కుడి మీట నొక్కితే, ఈ ఫైల్ ఎక్కడుందో చూపించు అని ఒక వరస వస్తుంది. అది నొక్కండి. ఒక దారి రాసి ఉంటుంది, మొదట ఒక ఇంగ్లీషు అక్షరం, తర్వాత పేర్లు. దాన్ని ఉన్నది ఉన్నట్టు కాగితం మీద ఎక్కించి పంపండి. అర్థం చేసుకునే ప్రయత్నం చేయవద్దు. ఎక్కించండి చాలు.

సునీతక్క నిమ్మళంగా పోయిందని రాశారు. మెట్టు కింద నిలబెట్టి, తల ఎత్తకుండా మాట్లాడితే ఎవరైనా ఇంకెట్లా పోతారు?

ఇర్ఫానా

786

ఎమ్మిగనూరు
19 డిసెంబర్ 2024

ఇర్ఫానాకు,

గారు అని రాశావు, మీరు అని రాశావు. ఆ కాగితం మూడు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. తిట్టి ఉంటే అన్నం సయించేది.

నువ్వు చెప్పినట్టే చేశాను. టువాలు జారకుండా రెండు బట్టల క్లిప్పులు పెట్టాను. నాలుగు ముక్కలకూ చూశాను. మొదటి దానిది ఇది:

G, 786, 786, C0041

మిగతా మూడింటిదీ అదే వరస, చివరి అంకె మాత్రం 42, 43, 44.

ఇప్పుడేమంటావు? 786 అంటే నా డిస్కే, నా ఫోల్డరే. అంటే ఆ ఆడవాళ్ళ ముక్కలు నా డిస్క్‌లోనే ఉన్నాయి. నేను మొదటి నుంచి మొత్తుకుంటున్నది ఇదే కదా, సునీత నా దాంట్లో కలిపిందని! నీ పద్ధతితోనే తేలింది. హారూన్‌కు కూడా చెప్పబోతున్నాను. ఆదివారం పెద్దకడుబూరు పోయి, నలుగురిలో ఆమె పేరు పెట్టి తేల్చేస్తాను. ఏసన్నను కూడా పిలిపిస్తాను.

దాదాపీర్

ఆదోని
20 డిసెంబర్ 2024

మామూ,

ఆదివారం పోవద్దు. ఈ కాగితం చదివేదాక హారూన్‌తో ఒక్క మాట కూడా అనవద్దు. నీ చేతికే ఇస్తానని కాశప్ప చేత ప్రమాణం చేయించి పంపుతున్నాను.

నీ డిస్క్ పేరు 786, సరే. ఆడవాళ్ళ డిస్క్ పేరేమిటి? నాకు పంపేటప్పుడు దానికి కూడా నువ్వే పేరు పెట్టావు. అది కూడా 786. దాని లోపల ఫోల్డర్ కూడా 786. నా దగ్గర ఉన్నన్నాళ్ళూ నాకు తట్టలేదు, ఎందుకంటే ఇక్కడ ఒక్క డిస్కే ఉండేది. నీ దగ్గర రెండూ పక్కపక్కన తగిలాయి. ముందున్న G అక్షరం డిస్కులు తగిలించిన వరసను బట్టి మారుతుంది, దాన్ని చూసి ఏ డిస్కో చెప్పలేం. ఇంకొకటి. నీ కెమెరా, సునీతక్క కెమెరా ఒకే కంపెనీవి, ఒకే రోజు కొన్నావు. రెండూ వీడియోలకు C0001 నుంచే పేర్లు పెట్టుకుంటూ పోతాయి. నీకూ ఒక C0041 ఉంటుంది, ఆమెకూ ఒక C0041 ఉంటుంది.

నీ ముక్కల్లో నాలుగు మొండికేశాయని రాశావు. అంటే ఆ నాలుగు నీ డిస్క్‌లో లేవు. చిన్న కాపీలు కార్డు నుంచే చేసి, అసలువి డిస్క్‌లోకి ఎక్కించడం మరిచి ఉంటావు. నువ్వు వెతుకు అన్నావు. అది పాపం పేరు చూసి వెతుక్కుంటూ పోయింది. పక్క డిస్క్‌లో అదే పేరు, అదే ఫోల్డర్ దొరికింది, తెచ్చి కలిపేసింది. దానికి ఆడవాళ్ళు, మగవాళ్ళు అని తెలియదు కదా. నువ్వు చూసి ఉంటే తెలిసేది. టువాలు కప్పావు.

నా తప్పు కూడా ఉంది. కలిపేటప్పుడు ఆడవాళ్ళ డిస్క్ ఊడదీసి పెట్టమని రాయాల్సింది, రాయలేదు. నిన్ను అడగకూడని మాట అడిగాను. నువ్వు ఒట్టు తప్పలేదని ఇప్పుడు నాకు తెలుసు. మాఫ్ చెయ్యి.

నమ్మకం లేకపోతే ఒక్క పని చెయ్యి. ఎర్ర దారం కట్టింది ఆడవాళ్ళ డిస్క్. దాన్ని ఊడదీసి ప్రాజెక్ట్ తెరువు. ఆ నాలుగు మళ్ళీ ఎర్రగా మారితే నేను చెప్పింది నిజం. మారకపోతే సునీతక్కను ఏమన్నా అను, నేను అడ్డురాను. ఆ తర్వాత నీ అసలు నాలుగు ముక్కలు ఏమయ్యాయో వెతుకు. దావత్ అప్పుడు నువ్వు కార్డు మార్చావు కదా, రెండో కార్డు యాడుంది?

నీ ఇర్ఫానా

786
పంపినది: దాదాపీర్, ఎమ్మిగనూరు
అందాల్సినది: ఇర్ఫానా, ఆదోని
సంగతి: సునీతది
తేదీ: 30 డిసెంబర్ 2024

బిడ్డా ఇర్ఫానా,

పైన అంత పొడుగు ఎందుకు రాశానని నవ్వుకుంటున్నావా? నవ్వుకో. ఇకనుంచి నా డిస్కులన్నిటికీ ఇదే వరస. 786 ముందుంటుంది, అది తీయను. దాని వెనక ఊరు, ఇల్లు, తేదీ, ఏ వైపో కూడా ఉంటుంది.

ఎర్ర దారం డిస్క్ ఊడదీశాను. నాలుగూ ఎర్రగా మారాయి. ఆ ఎరుపు చూసి లేచి ఇల్లంతా వెతికాను. రెండో కార్డు పెళ్ళికి వేసుకున్న కోటు లోపలి జేబులో దొరికింది, అత్తరు గుడ్డలో చుట్టి. దాని మీద కూడా 786 రాసి ఉంది. అందులో బిర్యానీ ఉంది.

కెమెరా సంచి భుజాన వేసుకుని కౌతాళం పోయాను. తోటలో పాతిక మంది ఆడవాళ్ళు ముక్కులకు గుడ్డలు కట్టుకుని మిరపకాయలు తెంపుతున్నారు. సునీతను కళ్ళు చూసి గుర్తుపట్టాను. గట్టు మీద నిలబడే జరిగిందంతా చెప్పాను. సంచి చాపాను. తీసుకోలేదు.

"మిరపకాయ చేతులన్నా. అద్దానికి అంటుకుంటే పోదు" అంది. తర్వాత, "నాకు ఎందుకు సెప్తాండావు? నేను చేయలేదని నాకు తెల్సు. తెలియంది పెద్దకడుబూరు వాళ్ళకి. ఆడ సెప్పు" అంది.

"చెప్తా. నువ్వూ రా" అన్నాను.

నడుస్తుంటే దారిలో ఒక మాట అంది, బిడ్డా, అది నీకు రాయాలి. "డిస్క్ చూడనని ఒట్టు పెట్టుకున్నావు, మంచిదే. నా మొగం చూడనని ఎవరికి ఒట్టు పెట్టినావన్నా? మెట్టు కాడ అంతసేపు నిలబడితిని, ఒకతూరి తలెత్తినావా?"

వహీదా బీ వాకిట్లో హారూన్ ఉన్నాడు, కౌతాళం వియ్యంకుణ్ణి కూడా ఫోన్ చేసి పిలిపించారు. నేను నిలబడే చెప్పాను, కుర్చీ వేసినా కూర్చోలేదు. డిస్కుల పేర్లు, కోటు జేబు, టువాలు, అన్నీ చెప్పాను. హారూన్ అంతా విని, "అయితే నువ్వు నిజంగానే చూడల్యా మామా?" అన్నాడు.

"చూడల్యా. ఆడోళ్ళ డిస్క్ చూడకపోవడం నా ఒట్టు. నా సినిమా నేను చూడకపోవడం నా తప్పు. ఈయమ్మ పేరు చెప్పడం దానికంటే పెద్ద తప్పు" అన్నాను.

పరదా వెనక నుంచి వహీదా బీ గొంతు వచ్చింది, "సునీతను లోపలికి రమ్మనండి." లోపలికి పోయింది. వాకిట్లో మేం ముగ్గురం నేల చూస్తూ ఉన్నాం. లోపల ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, అడగను కూడా. చాలాసేపటికి బయటికి వచ్చింది. చేతులు సబ్బుతో రెండుసార్లు కడిగినట్టుంది, మోచేతుల దాకా తడిగా ఉన్నాయి. కొంగుకు తుడుచుకుని, వాసన చూసుకుని, నా ముందు చేయి చాపింది.

"ఇప్పుడు ఇయ్యి" అంది.

ఇచ్చాను. అద్దం మూత తీసి వెలుతురులో తిప్పి తిప్పి చూసుకుంది, నేనేమన్నా గీత పెట్టానేమో అని. ఆమెకు అనుమానపడే హక్కు ఉంది. ఇకమీదట తన కార్డు తానే కాపీ చేసుకుంటుందట, నేను ముట్టకూడదట. సరే అన్నాను.

ఆపాకు చెప్పు, కంప్యూటర్ మీద దుప్పటి తీసేయమని. వహీదా బీ సినిమా మళ్ళీ తెరువు. మగవాళ్ళ దాంట్లో బిర్యానీ చేర్చడానికి రెండో కార్డు నా డిస్క్‌లోకి ఎక్కించాను. ఆడవాళ్ళ సినిమాలో నీకు ఒక పని ఉంది, అందుకే ఎర్ర దారం డిస్క్ డబ్బాలో పెడుతున్నాను, టేపు ఒక్కసారే వేశాను. ఈసారి అది తిరిగి రాగానే బీరువాలో పెట్టి తాళం వేశాకే ఎక్స్‌పోర్ట్ నొక్కుతాను. తర్వాత టువాలు లేకుండా కూర్చుని, మొదటి నుంచి చివరి దాకా చూస్తాను.

ఆడవాళ్ళ సినిమా చివర సునీత పేరు వెయ్యి. పెద్ద అక్షరాలతో, ఆగి చదువుకునేంతసేపు ఉంచు. ఆ సినిమా నేను చూడను, చూడకూడదు. పేరు వేశానని నువ్వు ఒక్క ముక్క రాయి. నమ్ముతాను.

మీ మామూ
దాదాపీర్